నాన్న చప్పట్లు కొట్టిన లోయ

రోడ్స్ దీవిలో సీతాకోకచిలుకల లోయ ఉందని నాన్నను ఊరించి తీసుకెళ్లాను. దాని గ్రీకు పేరు పెటలూదెస్, అంటే సీతాకోకచిలుకలే. తీరా అక్కడుండేవి చిమ్మటలు. ఆ ముక్క ముందే చెబితే "దీపప్పురుగుల కోసం గ్రీసు దాకానా?" అంటారని నోరు మెదపలేదు.

పట్నం నుంచి పాతిక కిలోమీటర్లు. ఆగస్టు ఎండ మాడ్చేస్తోంది. లోయలో అడుగుపెట్టగానే ప్రాణం లేచొచ్చింది. సన్నటి సెలయేరు, కర్ర వంతెనలు, నెత్తిన కమ్ముకున్న చెట్లు. నాన్న ఆగి గాలి పీల్చారు.

"ఇదేంటే, పూజగది వాసన?"

ఆ చెట్ల బంకే మన ఆయుర్వేదం కొట్లలో అమ్మే శిలారసం. ఆ వాసనకే ఈ చిమ్మటలు వస్తాయని అక్కడివాళ్లు అంటారు. నాకైతే ఆ నీడా, తేమా చాలు అనిపించింది.

"అమ్మా, ఏవీ?" అంది పాప. మాను దగ్గరికి మొహం పెట్టి చూస్తే తెలిసింది, బెరడు అనుకున్నదంతా రెక్కలే. నల్లటి రెక్కల మీద మీగడరంగు చారలు, పాక కప్పులా ఏటవాలుగా మూసుకుని. మీసాలు దారప్పోగుల్లా ఉన్నాయి. సీతాకోకచిలుకకైతే వాటి చివర చిన్న గుండు ఉంటుంది.

ఇంతలో నాన్న, డాబా మీద వడియాల దగ్గర పిట్టల్ని తోలినట్టు, ఫట్‌మని చప్పట్లు కొట్టారు. మాను మాను ఎర్రగా లేచింది! దాచుకున్న వెనక రెక్కలు నారింజ ఎరుపు, వాటి మీద నల్లచుక్కలు. పాప కేరింతలు. కాపలా ఆవిడ పెదవుల మీద వేలు పెట్టుకుని మా వైపు వచ్చింది.

గొంగళిగా ఉన్నప్పుడు దాచుకున్న కొవ్వుతోనే ఇవి వేసవంతా గడపాలట. లోయలో ఉన్నన్నాళ్లూ తిండి దాదాపు ముట్టవు. ఒక్కసారి బెదిరి లేచినా ఆ కొవ్వు కరుగుతుంది. అది మిగిలితేనే వేసవి చివర జతకట్టి, ఆడవి బయటి పొదల్లోకెళ్లి గుడ్లు పెట్టగలిగేది. గొంగళ్లు చలికాలం గడిపి, వసంతం పోయేసరికి రెక్కలు తొడుక్కుని, జూన్‌కల్లా మళ్లీ ఇక్కడికే.

చప్పుడు చేయొద్దన్న బోర్డు గేటు దగ్గర చదివింది నేనే. నాన్నకు చెప్పనిదీ నేనే.

మేముండే జర్మనీలో ఈ చిమ్మటనే ష్పానిషె ఫ్లాగె, స్పెయిన్ జెండా అంటారు. మా వీధిలో పట్టపగలే పూల మీద తేనె తాగుతూ కనిపిస్తుంది. అక్కడ హుషారుగా ఎగిరేదాన్ని ఇక్కడ ఇలా కట్టెలా చూడటం వింతగా అనిపించింది.

పైన 1784 నాటి కలోపెత్రా మఠం దాకా మెట్లెక్కాం. నాన్న చేతులు వెనక్కి కట్టుకుని, గుడిలో ప్రదక్షిణ చేస్తున్నట్టే నడిచారు. ఒకచోట తుమ్మొచ్చింది. కండువా మొత్తం నోట్లో కుక్కుకున్నారు.