సైనికుల ఆత్మహత్యల నివారణపై పరిశోధన: ప్రణాళిక దశలో నా అనుభవం

అమెరికా సైన్యంలో ఈ అంశంపై అధ్యయనం చేయబోయేవాళ్లు ఎవరు సలహా అడిగినా నేను ముందు సాంపిల్ సైజు (అధ్యయనంలో ఎంతమంది ఉండాలన్నది) గురించే మాట్లాడతాను. యాక్టివ్ డ్యూటీలో (పూర్తికాలం సర్వీసులో) ఉన్నవాళ్లలో ఏడాదికి లక్షమందిలో సుమారు 25 మంది ఆత్మహత్య చేసుకుంటున్నారు. ఆ సంఖ్యను సగానికి తగ్గించే చికిత్స నిజంగానే ఉందనుకుందాం. ఏడాదిలో 80 శాతం పవర్‌తో, అంటే ప్రభావం నిజంగా ఉంటే దాన్ని పట్టుకునే అవకాశం 80 శాతం ఉండేలా నిరూపించాలంటే, ఆ చికిత్స ఇచ్చే, ఇవ్వని రెండు గ్రూపుల్లో ఒక్కోదానిలో దాదాపు 1,88,000 మంది కావాలి. అది జరిగే పని కాదు. అందుకే మరణాల బదులు ఆత్మహత్యాప్రయత్నాలను లెక్కిస్తాం. అందరినీ కాకుండా, ఈమధ్యే ప్రయత్నం చేసినవాళ్లనో, ఆ ఆలోచనలతో ఆసుపత్రికి వచ్చినవాళ్లనో తీసుకుంటాం. రెండేళ్లలో 20 శాతం మంది మళ్లీ ప్రయత్నిస్తారని, చికిత్సతో అది 10 శాతానికి తగ్గుతుందని అనుకుంటే గ్రూపుకు 200 మంది చాలు. మధ్యలో మానేసేవాళ్లను కలుపుకుంటే 250.

అమెరికాలోని ఫోర్ట్ కార్సన్ సైనిక స్థావరంలో 152 మంది సైనికులతో చేసి 2015లో ప్రచురించిన ట్రయల్‌లో, క్లుప్తమైన కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ (ఆలోచనలను, ప్రవర్తనను మార్చుకోవడం నేర్పే మాటల చికిత్స) తీసుకున్నవాళ్లు మళ్లీ ప్రయత్నించే అవకాశం, మామూలు చికిత్స మాత్రమే పొందినవాళ్లతో పోలిస్తే, 60 శాతం తక్కువగా కనిపించింది. ఎంతో ఆశ కలిగించే ఫలితం అది. అయినా మీ లెక్కలో ఆ 60ని పెట్టుకోవద్దు. చిన్న ట్రయల్‌లో కనిపించే ప్రభావం పెద్దదానిలో సాధారణంగా తగ్గుతుంది.

ప్రయత్నం అంటే ఏమిటో ముందే రాసిపెట్టుకోవాలి. ఆత్మహత్య ముప్పును అంచనా వేసే ప్రశ్నావళి అయిన కొలంబియా స్కేల్ అసలు ప్రయత్నాన్ని, ఎవరో ఆపినదాన్ని, తనంతట తాను విరమించుకున్నదాన్ని విడివిడిగా నమోదు చేస్తుంది. డిప్రెషన్‌ను కొలిచే పీహెచ్‌క్యూ-9 ప్రశ్నావళిలోని తొమ్మిదో ప్రశ్న ఒక్కటే సరిపోదు. బతకడం కంటే చనిపోతే మేలనే భావననూ, తనకు తాను హాని చేసుకోవాలన్న ఆలోచననూ అది ఒకే ప్రశ్నలో అడుగుతుంది. ఇంటర్వ్యూ చేసే మనిషికి ఎవరు ఏ గ్రూపో తెలియకూడదు.

అన్నిటికంటే ఎక్కువ సమయం కేటాయించాల్సింది కమాండర్ విషయానికి. తాను చెప్పింది పైఅధికారికి చేరితే ఉద్యోగం పోతుందని సైనికుడు భయపడతాడు. ఆ భయం పోకపోతే బేస్‌లైన్‌లోనే, అంటే చికిత్సకు ముందు తీసుకునే మొదటి సమాధానాల్లోనే, అబద్ధాలు వస్తాయి. రక్షణశాఖ నిబంధన 3216.02 ప్రకారం అధ్యయనంలో చేర్చుకునే సమయంలో పైఅధికారులు అక్కడ ఉండకూడదు. కనీస స్థాయికి మించిన ముప్పు ఉన్న అధ్యయనానికి గుంపుగా చేర్చుకుంటుంటే, ఆ అధ్యయనంతో సంబంధంలేని ఒక అంబుడ్స్‌మన్ (చేరడం స్వచ్ఛందమేనా అని గమనించే వ్యక్తి) ఉండాలి. కన్సెంట్ ఫారంలో (సమ్మతి పత్రంలో) మాత్రం 'అంతా గోప్యం' అని రాయకండి. ప్రాణాపాయం ఉందనిపిస్తే ఎవరికి చెబుతాం, ఎంతవరకు చెబుతాం అన్నది తేలిక మాటల్లో అక్కడే ఉండాలి. ఆ నిజం దాచి నమ్మకం సంపాదించడం నా దృష్టిలో తప్పు.

ఫోన్ ఇంటర్వ్యూలో మొదటి ప్రశ్నలు రెండు: ఇప్పుడు ఎక్కడున్నారు, లైన్ కట్టయితే ఏ నంబరుకు చేయాలి? ఆ సమయంలో డ్యూటీలో ఉండే క్లినీషియన్ పేరు షెడ్యూల్‌లో రాసి ఉండాలి. తర్వాత వారాంతం సెలవులు కాబట్టి శుక్రవారం సాయంత్రాలు ఇంటర్వ్యూలు పెట్టవద్దు. కంట్రోల్ గ్రూపునూ (పోలిక కోసం ఉంచే, కొత్త చికిత్స పొందని గ్రూపునూ) ఖాళీ చేతులతో పంపకూడదు. మామూలు చికిత్సతోపాటు, కష్టసమయంలో ఏం చేయాలో సైనికుడి మాటల్లోనే రాసిన కార్డు ఇవ్వాలి. 988కి చేసి 1 నొక్కితే సైనికులకు సాయపడే మిలిటరీ క్రైసిస్ లైన్ దొరుకుతుందని అందులో ఉండాలి. మన దేశంలో అయితే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్, 14416.

ఇక ఫాలో-అప్. రెండుమూడేళ్లకోసారి బదిలీ ఉంటుంది, సర్వీసు ముగిస్తే సైన్యం ఈమెయిల్ ఆగిపోతుంది. కాబట్టి సొంత నంబరుతోపాటు ఇద్దరు దగ్గరివాళ్ల నంబర్లు అనుమతితో తీసుకోవాలి. ఆ ఇద్దరికి ఫోన్ చేసినప్పుడు అధ్యయనం దేనిపైనో చెప్పకూడదు. కమాండర్లూ మారిపోతుంటారు. అందుకే అనుమతి లేఖ ఫలానా అధికారి పేరిట కాకుండా పదవి పేరిట ఉండేలా చూసుకోండి. లేకపోతే కొత్తాయన వచ్చిన రోజు నుంచి మళ్లీ సంతకాల కోసం తిరగాలి, ఈలోగా ఎవరినీ చేర్చుకోలేం.