ఓడల లెక్క

ఆదివారం, రాత్రి

సాయంత్రం అమ్మాయిని తీసుకుని ఆర్కే బీచ్‌కి వెళ్లాను. ముంత మసాలా కొనుక్కుని గోడ మీద కూర్చున్నాం. చీకటి పడేకొద్దీ సముద్రంలో దూరంగా దీపాలు ఒక్కొక్కటే వెలిగాయి. పోర్టులో బెర్తు కోసం ఆగిన ఓడలవి. అలవాటుగా లెక్కపెట్టడం మొదలుపెట్టాను. పైకే అంటున్నానేమో, "వచ్చిన ప్రతిసారీ ఎందుకు నాన్నా లెక్కపెడతావు?" అంది. ఏదో చెప్పాను గానీ అది అసలు జవాబు కాదు. అందుకే రాసుకుంటున్నాను.

మాది విశాఖ వన్‌టౌన్‌లో, కోటవీధి దగ్గర సందులో ఒంటిగది పెంకుటిల్లు. మామ్మతో కలిపి ఆరుగురం. నాయన పోర్టులో కలాసీ. పర్మినెంటు కాదు. ఓడొచ్చి మేస్త్రీ పిలిస్తే పని, లేకపోతే లేదు. అంతకుముందు తాత బతుకూ హార్బరు మీదే. 1933లో హార్బరు తెరిచే నాటికి ఆయన శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి తవ్వకం పనిలో ఉన్నాడని మామ్మ చెప్పేది.

కాబట్టి ఓడలు లెక్కపెట్టడం మాకు ఆట కాదు. పొద్దు గుంకగానే అప్పా, నేనూ, తమ్ముడూ రాస్ కొండ ఎక్కేవాళ్లం. ఆ కొండ మీద మేరీమాత చర్చి, పక్క కొండ మీద దర్గా, ఇంకో కొండ మీద వెంకటేశ్వరస్వామి గుడి. తమ్ముడు మూడు వైపులా తిరిగి దణ్ణం పెట్టేవాడు, ఏ దేవుడు ఓడ పంపుతాడో తెలీదు కదా అని. దిగొచ్చేసరికి అమ్మ గుమ్మంలోనే అడిగేది, "ఎన్నున్నాయిరా?" ఐదో ఆరో అంటే "పర్లేదు" అనేది. ఒకటో రెండో అంటే, ఎసట్లో పోయడానికి తీసిన బియ్యంలోంచి ఒక గ్లాసు డబ్బాలో వెనక్కి పోసేది. ఆ మర్నాడు పొద్దున్న చోడి అంబలి, ఉల్లిపాయ.

నాయన చొక్కా ఉతికితే చాలు, ఏ ఓడ వచ్చిందో అమ్మ చెప్పేసేది. నీళ్లు నల్లగా దిగితే బొగ్గు, ఎర్రగా దిగితే ఇనుప ఖనిజం, ఘాటు వాసనొస్తే ఎరువు. గుమాస్తాలు పారేసిన ట్యాలీ షీట్లు నాయన మడిచి జేబులో పెట్టుకొచ్చేవాడు. ఒక వైపు సరుకు లెక్కలు, రెండో వైపు తెల్లగా. అమ్మ వాటిని సూదీ దారంతో నోటు పుస్తకాలుగా కుట్టేది. నా ఎక్కాలన్నీ వాటి మీదే. ఓడల వెనక భాగంలో రాసి ఉండే ఊళ్ల పేర్లు నాయన గుర్తు పెట్టుకొచ్చి చెప్పేవాడు. పనామా, మన్రోవియా. అన్ని ఓడలు పనామావే కాబట్టి ప్రపంచంలో అన్నిటికంటే పెద్ద దేశం అదేనని చాలాకాలం నమ్మాం.

కూలి డబ్బులు చేతికందిన రోజు కవళ్ల చేపలు ఒక వాటా వచ్చేవి. అమ్మ దాకలో పులుసు పెట్టేది. వేడిగా ఉన్నప్పుడు అడిగినా అందరికీ తలొకటే వేసేది. మర్నాడు పొద్దున్న చద్దన్నంలోకి తింటేనే దాని రుచి. ముళ్లు ఏరి తమ్ముడి నోట్లో పెట్టడం అప్ప పని. ఆ రుచి మళ్లీ ఎక్కడా తగల్లేదు నాకు.

ఒక కార్తీకంలో తుఫాను పట్టింది. పోర్టులో ప్రమాద హెచ్చరిక ఎగరేశారు, ఓడలన్నీ దూరం వెళ్లిపోయాయి. సముద్రమంతా చీకటి, యారాడ కొండ మీద లైట్‌హౌస్ వెలుగు ఒక్కటే తిరుగుతోంది. ఎనిమిది రోజులు నాయన ఇంట్లోనే ఉన్నాడు. మాకు ఊహ తెలిశాక అన్ని రోజులు ఆయన్ని పగటిపూట చూడటం అదే మొదలు. పెంకుల సందుల్లోంచి కారే చోటల్లా గిన్నెలు పెట్టి, తడవని మూల ఆరుగురం గోనెసంచులు కప్పుకుని కూర్చునేవాళ్లం. తమ్ముడికి జుట్టు కత్తిరించాడు. నా చెప్పు తెగితే తీగ వేసి బిగించాడు. గోగునార తాళ్లతో ఓడ ముడులు ఎలా వేయాలో ముగ్గురికీ నేర్పాడు. అప్ప ఇప్పటికీ ఏ మూటైనా ఆ ముడితోనే కడుతుంది. మొన్న తన కూతురి పెళ్లిలో సారె మూటలు చూసి గుర్తుపట్టాను.

అమ్మ బియ్యం డబ్బా మూత తీసిన ప్రతిసారీ గ్లాసు అడుగుకి గీసుకున్న చప్పుడు వినపడేది. మాకది వినపడినా పట్టలేదు. ఏడో రోజు రాత్రి తమ్ముడు దీపం ముందు కళ్లు మూసుకుని, "దేముడా, రేపు కూడా ఓడ రాకూడదు" అన్నాడు. అమ్మ విన్నది. కోప్పడలేదు. వాడి తల మీద చెయ్యి వేసి, చాలాసేపు అలాగే ఉంచింది.

తొమ్మిదో రాత్రి నాయనే మమ్మల్ని లేపాడు. అమ్మ కూడా వచ్చింది, కొండెక్కి ఓడలు చూడటానికి అమ్మ రావడం నేనెరిగి అదొక్కసారే. తడి మెట్ల మీద నాయన తమ్ముణ్ణి ఎత్తుకున్నాడు. దూరంగా ఒక్క దీపం. "వచ్చిందే" అన్నాడు నాయన, అమ్మతో. తమ్ముడు ఆయన మెడ పట్టుకుని ఏడ్చాడు. ఎందుకేడుస్తున్నాడో మా అందరికీ తెలుసు.

నాయన పోయి పన్నెండేళ్లయింది. 2014 అక్టోబరులో హుద్‌హుద్ వచ్చి ఊరంతా కరెంటు పోయినప్పుడు, అమ్మ ప్రతి రాత్రీ మేడెక్కి సముద్రం వైపే చూసేది. ఎందుకని నేను అడగలేదు.

ఇవాళ బీచ్ నుంచి ఇంటికొచ్చి చెప్పులు విప్పుతుంటే మంచం మీంచి అడిగింది, "ఎన్నున్నాయిరా?"

నాకంటే ముందు అమ్మాయి చెప్పింది. "పదకొండు, మామ్మా."

"పర్లేదు" అంది అమ్మ. కాసేపటికి మళ్లీ, "రేపు హార్బరుకెళ్లి కవళ్లు ఒక వాటా తేరా. పులుసు పెడతాను. అన్నం కాస్త ఎక్కువ వండమను, ఎల్లుండి పొద్దున్నకి దీనికి చద్దన్నం పెట్టాలి."