నాకు స్ట్రోక్ వచ్చింది కాల్షియం మాత్రల వల్ల కాదు

మోకాళ్ల నొప్పులకని కాల్షియం మాత్రలు మింగుతోంది కదా, అవే నరాల్లో పేరుకుపోయి స్ట్రోక్ తెచ్చాయి అని మదనపల్లెలో మా వాళ్లంతా తేల్చేశారు. ఆ మాట పట్టుకుని మా అక్క తన మాత్రలు మానేసింది, అందుకే ఇదంతా రాస్తున్నా.

నేను బెంగళూరులో, హొరమావులో మా అబ్బాయి దగ్గర ఉంటాను. ఆ రోజు పొద్దున పాల ప్యాకెట్ కత్తిరించబోతే కత్తెర జారి కింద పడింది, తీద్దామంటే కుడిచేతి వేళ్లు ముడుచుకోవడం లేదు. చెయ్యి తిమ్మిరెక్కిందని కోడలితో చెప్పబోతే మాట ముద్దగా వచ్చింది. "అత్తయ్యా, ఒకసారి నవ్వండి" అంది, మూతి ఒక పక్కకే కదిలింది. ఇక ఆ పిల్ల నన్ను మంచినీళ్లు కూడా తాగనివ్వకుండా కారెక్కించింది. స్కాన్ తీసి మెదడులో రక్తస్రావం లేదు, రక్తం గడ్డే అడ్డుపడిందని తేల్చుకుని, బాగా పెరిగిపోయిన బీపీని ముందు దించి, అప్పుడు గడ్డ కరిగే ఇంజెక్షన్ ఇచ్చారు. లక్షణాలు మొదలైన 4.5 గంటల్లోపే అది పనికొస్తుందట. నా చెయ్యి నాకు దక్కిందంటే మా కోడలి పుణ్యమే.

తర్వాత ఫిజియోథెరపీ. పళ్లెంలో శనగలు పోసి ఒక్కొక్కటే గిన్నెలో వెయ్యమనేవారు, బొటనవేలూ చూపుడువేలూ కలిసేవి కావు, ఒక్క గింజ పట్టుకునేసరికి చెమటలు పట్టేవి. ఇప్పుడు సంగటి కెలుకుతున్నా, జాకెట్ హుక్కులు మాత్రం ఇంకా ఇబ్బందే.

కాల్షియం సంగతి డాక్టరుగారినే అడిగాను. నీకు కారణం బీపీ అమ్మా అన్నారు. అమెరికాలో 85 వేలమందికి పైగా నర్సులను 14 ఏళ్లు గమనించి 1999లో వేసిన లెక్కలో, కాల్షియం ఎక్కువ తీసుకున్నవాళ్లకి గడ్డ వల్ల వచ్చే స్ట్రోక్ తక్కువగా కనిపించిందట, అయితే అది కాల్షియం ఒక్కదాని గొప్పే అని చెప్పలేమన్నారు. మాత్రల మీద మాత్రం 2010 నుంచీ వాదన నడుస్తోంది, మాత్రలు వేసుకున్నవాళ్లలో గుండెపోటు కాస్త ఎక్కువని కొన్ని పరిశోధనలు, అదేం లేదని మరికొన్ని. మాత్రతో రక్తంలో కాల్షియం ఒక్కసారిగా పెరుగుతుంది, తిండితో మెల్లగా ఎక్కుతుంది కాబట్టి తినగలిగినంత తిండిలోనే తినమన్నారు. నెలసరి ఆగిపోయిన ఆడవాళ్లకి రోజుకి 1200 మిల్లీగ్రాములు కావాలి. గ్లాసు పాలలో 240 దాకా, వంద గ్రాముల రాగిపిండిలో 350 దాకా వస్తుంది. రోజూ సంగటి తినే సీమవాళ్లం, ఇక్కడికొచ్చాక ఇడ్లీ, బ్రెడ్డులో పడ్డాం, అదే నాకు బాధ.

అక్కకి ఎముకలు బాగా పలచబడ్డాయి, పాలు పడవు, వాళ్ల డాక్టరు మాత్రలు మళ్లీ వేసుకోమన్నారు, అదే సరైనది. నాకు తిండితో సరిపోతుందని ఆపేశారు. బీపీ మాత్ర మాత్రం ఒక్కపూట కూడా తప్పకూడదన్నారు, ఉప్పు తగ్గించమన్నారు. సంగటిలోకి ఊరగాయ మానేసి ఆకుకూర పప్పు చేసుకుంటున్నా, ఇంట్లో మిషన్ కొని రోజూ పొద్దున్నే బీపీ చూసి డైరీలో కుడిచేత్తోనే రాస్తున్నా.