‘నేను రేపు కన్వీనియెంట్ కాదు’

చైనాలోని సూజౌలో మా ఫ్యాక్టరీ ఆఫీసులో చేరిన రెండో వారానికే నన్ను ‘లావ్‌షీ’ని చేసేశారు. అంటే మాస్టారు. నా ఇంగ్లీష్ గొప్పదని కాదు, జర్మనీ వాళ్లతో కాల్ అంటే టెన్షన్ పడనని. మధ్యాహ్నం భోజనాలయ్యాక అందరూ టేబుళ్ల మీద తల వాల్చి కునుకు తీస్తుంటే, ఒక నలుగురు మెయిళ్లు దిద్దించుకోవడానికి నా దగ్గర చేరేవాళ్లు.

నన్ను బాగా విసిగించిన మాట ‘కన్వీనియెంట్’. ‘ఆర్ యూ కన్వీనియెంట్ టుమారో?’ అని ఒకరు, ‘ఐ యామ్ నాట్ కన్వీనియెంట్’ అని ఇంకొకరు. ఎర్రగీత గీసి ‘ఈజ్ టుమారో కన్వీనియెంట్ ఫర్ యూ?’ అని రాసిచ్చేవాణ్ని. మర్నాడు మళ్లీ అదే.

కాస్త చైనీస్ వంటబట్టాక గానీ కిటుకు తెలియలేదు. వాళ్ల మాట ‘ఫాంగ్‌బియెన్’. ‘నీ ఫాంగ్‌బియెన్ మా?’ అని అడుగుతారు. అక్కడ ‘నీ’ అంటే నువ్వు. మనమైతే ‘మీకు వీలవుతుందా’ అంటాం, ‘మీరు వీలా’ అనం. ఇంగ్లీష్‌లో ‘ఫర్ యూ’ దగ్గర మనల్ని కాపాడేది ఆ ‘కు’నే. ఇంగ్లీష్‌లో టైమో, చోటో కన్వీనియెంట్ అవుతుంది గానీ మనిషి కాడు. ఈ ‘కు’ గురించి బోర్డు మీద తెలుగులో రాసి మరీ చెప్పాను. నవ్వారు, కానీ ఎక్కింది.

ఫాంగ్‌బియెన్ చేసే పనులు ఇంకా ఉన్నాయి. వేడినీళ్లు పోసుకుని తినే నూడుల్స్ ‘ఫాంగ్‌బియెన్ మియెన్’. భోజనం మధ్యలో ఎవరైనా ‘కాస్త ఫాంగ్‌బియెన్’ అని లేస్తే బాత్రూమ్‌కని అర్థం. బౌద్ధ గ్రంథాల్లో మన ‘ఉపాయం’ అన్న మాటకు కూడా చైనీస్‌లో ఇదే. కుమారజీవుడు 406లో అనువదించిన సద్ధర్మ పుండరీక సూత్రంలో రెండో అధ్యాయం పేరు అదే. బోధిసత్వుల ఉపాయం నూడుల్స్ కప్పు దాకా వచ్చిందన్నమాట.

నేను నేర్పనిది ఇంకొకటుంది. ‘బు ఫాంగ్‌బియెన్’ అంటే వీలుకాదని మాత్రమే కాదు, ‘అడక్కు’ అని మర్యాదగా చెప్పడం కూడా. చైనా కొత్త సంవత్సరానికి ముందు, బోనస్ ఎంత రావొచ్చని హెచ్‌ఆర్ అమ్మాయిని మెయిల్‌లో అడిగాను. ఆవిడ కూడా నా మధ్యాహ్నం క్లాసు మనిషే. ఒక్క లైనులో జవాబిచ్చింది: ‘ఇట్ ఈజ్ నాట్ కన్వీనియెంట్ ఫర్ మీ టు సే.’

‘ఫర్ మీ’తో సహా అంతా కరెక్టే. ఎర్రగీత గీయడానికి చోటు దొరకలేదు.