స్త్రీల పత్రికలో అచ్చయినందుకు

తెలుగులో తొలి ఆధునిక కథ 1910లో గురజాడ అప్పారావు రాసిన ‘దిద్దుబాటు’ అని చదువుకున్న తరం మాది. పరీక్షలో నేనూ ఆ జవాబే రాసి మార్కులు తెచ్చుకున్నాను. అంతకు ఎనిమిదేళ్ల ముందే, 1902లో, భండారు అచ్చమాంబ కథ ‘ధనత్రయోదశి’ హిందూసుందరి పత్రికలో వచ్చిందని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. ఏది తొలి కథ అన్న వాదాన్ని పండితులు తేల్చుకోవచ్చు. అచ్చయి పాఠకుల చేతికి అందిన కథ అన్ని దశాబ్దాలపాటు లెక్కలోకి రాకపోవడమే నన్ను బాధించే సంగతి.

అది స్త్రీల పత్రికలో రావడమే అందుకు ముఖ్యకారణమని నా నమ్మకం. నోములు, ఇంటిపనులు, పాతివ్రత్య బోధలు తప్ప ఆ పత్రికల్లో సాహిత్యం ఏముంటుందన్న చులకన మన సాహిత్య చరిత్రలో చాలాకాలం ఉంది. ఆ బోధలు అందులో ఉన్నమాట నిజమే. అయినా ఏలూరులో సత్తిరాజు సీతారామయ్య స్థాపించిన హిందూసుందరికి మొసలికంటి రమాబాయమ్మ వంటివారు సంపాదకత్వం వహించడం, స్త్రీ రాసినదాన్ని మరో స్త్రీ చదివి అచ్చుకు పంపడం ఆ రోజుల్లో ఎంత పెద్ద మార్పో ఊహించుకోవాలి. బడికి వెళ్లే వీలులేక, తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు అండతో ఇంట్లోనే చదువు నేర్చుకున్న అచ్చమాంబకు అటువంటి చోటు దొరికింది. 1874లో పుట్టిన ఆమె 1905లో, ముప్ఫై ఏళ్ల వయసులోనే కన్నుమూశారు.

1993లో హైదరాబాదు నుంచి మొదలైన స్త్రీవాద పత్రిక ‘భూమిక’ నాకు మరీ దగ్గరిది. కథలు, కవితలు వేసి ఊరుకోకుండా, హింసకు గురవుతున్న స్త్రీల కోసం 2006లో హెల్ప్‌లైన్ కూడా ప్రారంభించింది. దాని సంపాదకురాలు కొండవీటి సత్యవతే తరువాత అచ్చమాంబ జీవితచరిత్ర రాయడం, నూరేళ్ల కిందటి పత్రికకు ఈనాటి పత్రిక బాకీ తీర్చుకున్నట్టు నాకు అనిపిస్తుంది.

అయితే స్త్రీల పత్రికలన్నంత మాత్రాన అందరు స్త్రీలకూ అందులో చోటు దొరికిందని చెప్పలేను. హిందూసుందరి కాలంలో చదవడం, రాయడం వచ్చిన స్త్రీలు ఎక్కువగా అగ్రవర్ణాల వారే. గోగు శ్యామల ‘నల్లపొద్దు’ సంకలనం 1921 నుంచి 2002 వరకు దళిత స్త్రీలు రాసిన సాహిత్యాన్ని ఒకచోటికి తెచ్చింది. ఆ మొదటి సంవత్సరం చూసి నేను చాలాసేపు పుస్తకం మూసేశాను. రాసినవారు అప్పటినుంచీ ఉన్నారు. నాకు పాఠం చెప్పినవారు గానీ, నేను గానీ వారికోసం వెతకలేదు.

చిన్న పత్రికలు ఆగిపోయాక సంచికలు పాతకాగితాల కొట్టుకు చేరితే, వాటిలో రాసినవారి ఆనవాలు కూడా పోతుంది. మా అటక మీది పాత సంచికలను కిందికి దించి, చెదలు తినగా మిగిలిన పేజీలను తేదీలవారీగా స్కాన్ చేయడం మొదలుపెట్టాను. విషయసూచికలో లేని పేర్లను, లోపల చిన్న అక్షరాల్లో ఉన్నవాటిని సైతం, విడిగా ఒక నోటుపుస్తకంలో రాసుకుంటున్నాను.