సబ్ ఆంప్ గెయిన్: మీటర్‌లో 28.3 ఓల్టులు, అయినా బేస్ పగులుతోంది

కారులో ముందు డోర్ స్పీకర్ల గెయిన్ (డెక్ నుంచి వచ్చే సిగ్నల్‌ని ఆంప్, అంటే యాంప్లిఫయర్, ఎంత పెంచాలో చెప్పే నాబ్) ఒక్క దెబ్బకి కుదిరింది. 4 ఓమ్, 60 వాట్లు, 400 హెర్ట్జ్ టోన్, ఆంప్ అవుట్‌పుట్ దగ్గర మీటర్‌లో 15.5 ఓల్టులు, అంతే. తలనొప్పంతా సబ్‌తోనే, అంటే బేస్ మోగించే సబ్‌వూఫర్‌తోనే.

ఆంప్ మోనో క్లాస్-డీ, 2 ఓమ్‌కి 400 వాట్లు ఆర్‌ఎంఎస్ (నిలకడగా ఇచ్చే పవర్). 400ని 2తో గుణించి వర్గమూలం తీస్తే 28.3 ఓల్టులు. సబ్ వైర్లు విప్పి, బేస్ బూస్ట్ సున్నాకి పెట్టి, డెక్ వాల్యూమ్ 40లో 35 దగ్గర ఆపి (36లో డెక్ నుంచి ఆంప్‌కి వెళ్లే ప్రీఅవుట్ సిగ్నలే క్లిప్ అవుతోంది, అంటే వేవ్ కొసలు తెగుతున్నాయి), యూఎస్‌బీ నుంచి 50 హెర్ట్జ్, 0 డీబీ వేవ్ ఫైల్. మీటర్‌లో 28.3 వచ్చేసింది. కానీ తీన్మార్ డప్పు పెట్టి వాల్యూమ్ 34కి తెస్తే చాలు, దెబ్బ పడ్డప్పుడల్లా బర్రుమంటోంది.

వేవ్ ఆకారాన్ని తెర మీద చూపే స్కోప్ పెట్టక తప్పలేదు. డీఎస్ఓ138 అనే చిన్న స్కోప్ తెరలో 40 ఓల్టులే పడతాయి. మీటర్ చూపే 28.3 ఆర్‌ఎంఎస్ ఓల్టులంటే వేవ్ కొస నుంచి కొసకి 80, కాబట్టి ఓల్టేజ్‌ని పదో వంతు చేసి చూపే 10ఎక్స్ ప్రోబ్ కావాలి. స్కోప్‌కి కరెంటు విడి బ్యాటరీ నుంచే ఇవ్వాలి. క్లాస్-డీలో మైనస్ టెర్మినల్ కూడా లైవ్‌గా ఉండొచ్చు, కారు ఎర్త్‌తో కలిస్తే ఆంప్ పోతుంది.

లోడ్ (స్పీకర్‌లాగా కరెంటు లాగేది) లేనప్పుడు సైన్ వేవ్ నున్నగా ఉంది. కోఠి గుజరాతీ గల్లీలో దొరికే 8 ఓమ్, 100 వాట్ల అల్యూమినియం రెసిస్టర్లు నాలుగు ప్యారలల్‌గా కలిపి, హీట్‌సింక్ మీద బిగిస్తే 2 ఓమ్ లోడ్ తయారు. ఒక్కోసారి 5 సెకన్లకి మించొద్దు. ఆ లోడ్ మీద 24.6 ఓల్టులకే కొసలు చదునైపోయాయి. అంటే 302 వాట్లే. లోడ్ లేకపోతే కరెంటు పారదు, కరెంటు పారకపోతే సప్లై పడిపోదు. అందుకే మల్టీమీటర్ అంకె ఒక్కదాన్నే నమ్మితే గెయిన్ ఎక్కువైపోతుంది.

మొదటి అనుమానం ఆల్టర్నేటర్ మీద. కానీ టోన్ మోగుతున్నా బ్యాటరీ దగ్గర 14.1 కదల్లేదు. ఆంప్ టెర్మినళ్ల దగ్గర మాత్రం 11.9. దారిలోనే 2.2 ఓల్టులు పోతున్నాయి. మీటర్‌ని డీసీలో పెట్టి, టోన్ మోగుతుండగా ఒక్కో ముక్క రెండు చివర్లా ప్రోబ్‌లు ఆనిస్తే లెక్క తేలింది: ప్లస్ వైరులో 0.8, ఫ్యూజ్ హోల్డర్‌లో 0.5, ఎర్త్ బోల్టు దగ్గర 0.6, బాడీ నుంచి బ్యాటరీ మైనస్‌కి 0.3.

ఎర్త్ బోల్టు కింద పెయింట్ ఉంది. ఎమరీ పేపర్‌తో రేకు మెరిసేదాకా గీకి, లగ్ బిగించి, తుప్పు పట్టకుండా పైన గ్రీజు పూస్తే 0.1కి దిగింది. హోల్డర్ లోపల స్క్రూ వదులై వేడెక్కుతోంది, మార్చేస్తే అదీ 0.1. వైరు మాత్రం మొండిది. 5.5 మీటర్ల అసలైన రాగి 8 గేజ్‌లో (గేజ్ అంటే వైరు మందం, అంకె తగ్గేకొద్దీ లావు) 32 ఆంపియర్లకి పోవాల్సింది సుమారు 0.36 ఓల్టులు, ఇక్కడ రెట్టింపుకి పైనే. రాగి పూత పూసిన అల్యూమినియం కావడం ఒక కారణం. లోపల లోహం కూడా లేబుల్ చెప్పినంత లేదని అనుమానం. తొడుగు లావు చూసి గేజ్ నమ్మకూడదు. ప్యాకెట్లో వచ్చే రెడీమేడ్ కిట్ల కన్నా మీటర్ల లెక్కన కొనే రాగి వైరే మేలు.

ఇప్పుడు ఆంప్ దగ్గర 12.7 ఓల్టులు, 26.4 దాకా వేవ్ శుభ్రం. గెయిన్ 26 దగ్గర ఆపాం, అంటే 338 వాట్లు. బర్రు పోయింది. మిగిలిన 60 వాట్ల కోసం ఇప్పుడే నాబ్ తిప్పితే సబ్ కాయిల్‌కే ముప్పు.

గెయిన్ కోసమే, క్లిప్పింగ్‌ని పట్టి చూపే డీడీ-1 లాంటి పరికరం కొనడం ఒక్క కారుకి దండగ. స్కోప్ ఇంకా పది పనులకి వస్తుంది.

తర్వాత 4 గేజ్ రాగి వైరు, బాడీకీ బ్యాటరీ మైనస్‌కీ మధ్య లావు స్ట్రాప్. వైరులో నష్టం 0.16కి దిగాలి. అది అయ్యాక మే నెల మధ్యాహ్నం ఆరుబయట ఏసీ, హెడ్‌లైట్లు వేసి, ఇంజన్ ఐడిల్‌లో ఉంచి మళ్లీ కొలవాలి. ఎండకి వేడెక్కితే ఆల్టర్నేటర్ ఓల్టేజ్ తగ్గుతుంది, అమీర్‌పేట ట్రాఫిక్‌లో కారు ఉండేది ఆ స్థితిలోనే. సెల్లార్‌లో మాత్రం ఇంజన్ నడుపుతూ ఈ పని చేయొద్దు, పొగ ప్రాణాంతకం. పాత పాటల రికార్డింగ్ లెవల్ తక్కువ కాబట్టి −5 డీబీ టోన్‌తో ఇంకో సెట్టింగ్ కూడా చూడాలి. నాబ్ పక్కన మార్కర్‌తో రెండు గీతలు పెట్టుకుంటే సరి.