డిసెంబరు బహుమతి వేసవిలోనే

పిల్లల టీచరుకు డిసెంబరులో ఏమివ్వాలన్న ప్రశ్నకు నేను జూలైలోనే, శ్రీకాకుళంలో పుట్టింట్లో ఉండగానే జవాబు వెతుక్కుంటాను. మేముండేది అమెరికాలో, మసాచుసెట్స్‌లో. అక్కడ శీతాకాలపు సెలవులకు ముందు పిల్లలు టీచరుకు చిన్న కానుక ఏదో ఒకటి తీసుకెళ్లడం ఆనవాయితీ. కొవ్వొత్తులు, కాఫీ కప్పులు, చాక్లెట్లు, దుకాణాల గిఫ్ట్ కార్డులు ఎక్కువగా కనిపిస్తాయి. గిఫ్ట్ కార్డును నేను తక్కువ చేయను. తరగతి గదికి కావలసిన సామాను సొంత డబ్బుతో కొనే టీచర్లు అక్కడ చాలామంది ఉన్నారు, వారికి అది నిజంగా అక్కరకొస్తుంది. అయినా నా కూతురు చేత్తో ఇచ్చే వస్తువులో నా కూతురు కనిపించాలని నా పట్టుదల.

మన ఇళ్లలో గురువుకు ఇచ్చేదంటే ఘనంగా ఉండాలి. మా అమ్మ ఏటా బీరువాలోంచి ఒక పట్టుచీర తీసి పెడుతుంది. "మన పిల్లకు చదువు చెప్పే తల్లికి చీర పెట్టకపోతే ఎలాగమ్మా?" అంటుంది. ఆ గౌరవం మా అమ్మ నుంచి నా పిల్లకు రావాలనే నేనూ కోరుకుంటాను. అయితే మేముండే రాష్ట్రంలో ప్రభుత్వ పాఠశాల టీచరు 50 డాలర్లు, అంతకు మించిన విలువైన బహుమతిని ఏ కుటుంబం నుంచీ తీసుకోకూడదు. తరగతి అంతా కలిసి, ఎవరెంత వేసుకున్నారో బయటపెట్టకుండా ఇస్తే ఏడాదికి 150 డాలర్ల వరకు అనుమతి ఉంది. ఆ నిబంధన నాకు ఎంతో నచ్చింది. ఉన్నవారి బిడ్డా, లేనివారి బిడ్డా టీచరు ముందు ఒకేలా నిలబడాలి కదా. జిల్లాలోని ప్రభుత్వ బడుల్లో పనిచేసి రిటైరైన మా నాన్నగారు సంగతి వినగానే "మంచి పద్ధతి" అన్నారు. అమ్మను ఒప్పించడానికి మాత్రం ఇంకొంత సమయం పట్టింది.

తినేవి పంపుదామంటే పలాస జీడిపప్పు ఉండనే ఉంది. కానీ అక్కడ గింజల అలర్జీ ఉన్న పిల్లలు, పెద్దలు తక్కువేమీ కాదు. తరగతి గదుల్లోకి జీడిపప్పు, వేరుశనగ రానివ్వని బడులు చాలా ఉన్నాయి. కాబట్టి అది వద్దనుకున్నాం. దేవుడి బొమ్మలూ వద్దనుకున్నాం. మనం పూజించే రూపాన్ని, దాని సంగతి తెలియని ఇంట్లో అలంకారంగా పెట్టమని ఇవ్వడం నాకు ఇష్టం లేదు. పుచ్చుకున్నవారికీ దానిని ఎక్కడ పెట్టాలో తెలియక ఇబ్బందే. కార్డు మీద కూడా క్రిస్మస్ శుభాకాంక్షలని కాకుండా సెలవుల శుభాకాంక్షలని రాయిస్తాను, టీచర్లందరికీ పండుగ ఒకటే కాదు గనుక.

ఇక మిగిలినవి మన జిల్లాల చేతిపనులు. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో పనస మొద్దును తొలిచి వీణలు చేసే పనివాళ్లు కానుకలుగా ఇవ్వడానికి చిన్న వీణలు కూడా చేస్తారు. సరుబుజ్జిలి మండలం బుడితిలో ఇత్తడి, కంచు పని ఉంది. ఎంచుకోవడానికి లోటేమీ లేదు. కానీ వస్తువు ఎంత గొప్పదైనా, దాని గురించి టీచరు అడిగితే పిల్ల రెండు మాటలు చెప్పలేకపోతే అది అమ్మానాన్నలు తమ ఊరి మీద ప్రేమతో పంపిన వస్తువే అవుతుంది, పిల్ల ఇచ్చిన కానుక కాదు. అందుకే మా ఇంట్లో నియమం పెట్టాం: పిల్ల కళ్లతో చూసినదే ఇవ్వాలి.

అలా గత వేసవిలో పాపను పొందూరు తీసుకెళ్లాం. సన్న ఖద్దరుకు పేరుపడ్డ ఊరు. అక్కడ దూదిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వుతారు. ఆ ఎముకకున్న సన్నని పళ్లే దువ్వెన. దూదిలోని చెత్త దానికి చిక్కుకుని వచ్చేస్తుంది. దువ్విన దూదితో చేసిన ఏకులు మాసిపోకుండా ఎండిన అరటి దొప్పలో పెట్టుకుని రాట్నం మీద నూలు వడుకుతారు. నూలు వడుకుతున్న పెద్దావిడ ఆ చేప ఎముకను పాప అరచేతిలో పెట్టింది. పాప ఆ ఎముక పళ్ల మీద వేలితో మెల్లగా రాసి చూసి, "చేప పళ్లతో బట్టా?" అని అడిగింది. ఆవిడ నవ్వి, తన మోకాలి పక్కన కూర్చోబెట్టుకుని దారం లాగడం చూపించింది. ఆ మధ్యాహ్నమంతా పాప అక్కడి నుంచి కదలలేదు. నేను ఊళ్లో ఏమేమి చూపించాలనుకున్నానో అవన్నీ వదిలేశాను. తన అమ్మ ఊరిలో తనకంటూ ఒక సంగతి దొరికింది, అంతకంటే నాకేమి కావాలి?

అక్కడే టీచరు కోసం ఖద్దరు కండువా కొన్నాం. ఆ డిసెంబరులో టీచరు పొట్లం విప్పగానే పాప చేప పళ్ల కథంతా ఇంగ్లీషులో చెప్పేసిందట. మర్నాడు టీచరు దానిని మెడలో వేసుకుని వచ్చి, తరగతికంతటికీ మళ్లీ చెప్పించారు.

కండువాతో పాటు ఒక ఉత్తరం కూడా వెళ్లింది. దాని విషయంలో మా నాన్నగారి సలహా పాటించాం. "మీరు చాలా మంచి టీచరు అని అందరూ రాస్తారు. ఏ రోజు ఏమి నేర్పారో అది రాయమను" అన్నారు. భాగహారం రాక ఏడ్చిన రోజున టీచరు భోజన విరామం వదులుకుని తన పక్కన కూర్చుని బటన్లతో లెక్క చేయించారని పాప రాసింది. తప్పులు దిద్దమని నన్ను అడిగింది. ఒక్క అక్షరదోషం తప్ప నేనేమీ ముట్టుకోలేదు.

ఈ వేసవిలో మళ్లీ పొందూరు వెళ్లినప్పుడు చేతిరుమాళ్లు కొన్నాం. తరగతిలో సహాయకురాలిగా ఉండే ఆవిడకు ఒకటి, బడి బస్సు డ్రైవరుకు ఒకటి. అందరి కానుకలూ టీచరు బల్ల మీదే పోగుపడతాయి, వీరిద్దరికీ ఇచ్చేవారు తక్కువ. డ్రైవరుకు రాసే ఉత్తరం పాప విమానంలోనే మొదలుపెట్టింది: మంచు పడిన రోజున తను ఆలస్యంగా పరుగెత్తుకొస్తుంటే, ఆయన తలుపు తెరిచి ఉంచి, "మెల్లగా రా, జారతావు" అన్నారని.